బ్రున్నెంటాల్ బోధకుడు

మా ఆయన ఆండ్రియాస్ ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. ప్రార్థనలో మధ్య వరసలో కూర్చుంటే అతని గురక ముందు వరసలోని పిల్లలకి వినిపించేది. ఆ పిల్లలు నవ్వు ఆపుకోలేక తన్నులు తినేవాళ్ళు. ఇతను ఒకనాటికి బోధకుడవుతాడని పెళ్ళికి ముందు ఎవరైనా నాతో చెప్పి ఉంటే, నేను మా అమ్మావాళ్ళ కాలనీ వదిలి వచ్చేదాన్నే కాదు.

అరవై ఆరో సంవత్సరం వసంతానికి, పొలమూ వంటా ప్రార్థనా అందరికీ ఉమ్మడిగా ఉండే మా లిండెంటాల్ కాలనీలో నూట నలభై ఎనిమిది మందిమయ్యాం. భోజనశాలలో పిల్లలకి రెండో బంతి పెట్టాల్సి వచ్చేది. ఒక దూడని కట్టెయ్యడానికి ముగ్గురు మగవాళ్ళు బయల్దేరేవాళ్ళు. ఇద్దరు పట్టుకుంటే మూడోవాడు సలహాలు చెప్పేవాడు. పని తక్కువై మనుషులు ఎక్కువైతే నోళ్ళు లేస్తాయి, చిన్న చిన్న తగవులు మొదలవుతాయి. అందుకే పెద్దలు ముందు ఏడాదే కెనడాలోని సస్కాచెవాన్‌లో పొలం కొన్నారు. సగం మందిమి అక్కడికి వెళ్ళి కొత్త కాలనీ పెట్టాలి.

ఆ పొలం చూసి వచ్చింది ఇద్దరు. ఒకరు కాలనీ బాస్ జాషువా వెట్టర్. పెద్ద మగవాళ్ళని వెట్టర్ అనీ, పెద్ద ఆడవాళ్ళని బాసెల్ అనీ పిలుస్తాం మేం. కొనుగోళ్ళూ అమ్మకాలూ అన్నీ ఆయన చేతి మీదుగానే జరిగేవి. రెండోవాడు మా ఆయన. పొలంతో పాటు అమ్ముతున్న మిషన్లు పనికొస్తాయో లేదో చూడ్డానికి ఇతన్ని తీసుకెళ్ళారు. తిరిగి వచ్చాక కాగితాల మీద కాలనీకి ఏం పేరు రాయాలని అడిగితే జాషువా వెట్టర్ 'బ్రున్నెంటాల్' అన్నాడు. బావుల లోయ అని దాని అర్థం. తర్వాత వెళ్ళి చూస్తే అక్కడ లోయా లేదు, బావీ లేదు.

కుటుంబాలన్నిటినీ రెండు జాబితాలు చేశారు. ముసలివాళ్ళూ పిల్లలూ, వడ్రంగులూ పాడి చూసేవాళ్ళూ రెండింట్లోనూ సమంగా ఉండేట్టు చూశారు. ఒక జాబితాకి పెద్ద బోధకుడు ఇలియాస్ వెట్టర్, ఇంకోదానికి చిన్న బోధకుడు జకారియాస్. ఏ జాబితా వెళ్ళాలో చీటీ తేలుస్తుంది. అప్పటిదాకా ఎవరికీ తెలియదు కాబట్టి రెండు జాబితాలవాళ్ళమూ మూటలు కట్టుకున్నాం. నూట నలభై ఎనిమిది మంది పరుపులూ పెట్టెలూ గుమ్మాల్లో పెట్టుకుని ఆ ఉదయం ప్రార్థనకి వెళ్ళాం.

ఇలియాస్ వెట్టర్‌కి అప్పటికి డెబ్బై ఒకటి. మోకాళ్ళు అరిగిపోయాయి, చూపు మసక. వెళ్ళేది కుర్రవాడు జకారియాసేనని అందరమూ లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాం. నల్ల టోపీలోంచి చీటీ తీశారు. ఇలియాస్ వెట్టర్ పేరే వచ్చింది.

ఆడవాళ్ళ వైపు ఎవరో వెక్కారు. జకారియాస్ లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"వెట్టర్, నా మాట వినండి. మీ వాళ్ళని తీసుకుని నేను వెళ్తాను. మీరిక్కడ ఉండండి. ఎవరూ తప్పనుకోరు."

ఇలియాస్ వెట్టర్ బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు. "జకారియాస్, ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఇలాంటి టోపీలోంచే బోధకుడిగా నా పేరు వచ్చింది. ఆ రోజు గొడ్లపాక వెనక్కి పోయి ఏడ్చాను. మార్చండి, మార్చండి అని అప్పటి పెద్ద బోధకుడు మా మామ కాళ్ళా వేళ్ళా పడ్డాను. మార్చలేదు. అది దేవుడి చెయ్యి అన్నారు. ఇవాళ నా మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని ఆ చెయ్యి తప్పిందనమంటావా?"

ఆయన భార్య రాహేల్ బాసెల్ కూర్చున్న చోటినుంచే గట్టిగా అంది: "చీటీ చదివారుగా. ఇంక ఏడుపులెందుకు? నా పరుపు లారీ ఎక్కించండి, బయట మబ్బు పట్టింది."

అలా డెబ్బై మూడు మందిమి బయల్దేరాం.

*

బ్రున్నెంటాల్‌లో మమ్మల్ని ఆహ్వానించింది గాలి. ఒక్క చెట్టు లేదు దాన్ని ఆపడానికి. పాత యజమాని వదిలిపోయిన పెద్ద రేకుల షెడ్డు ఒకటుంది. కంబళ్ళు తాళ్ళకి వేలాడదీసి, అందులోనే పద్నాలుగు కుటుంబాలం కాపురం పెట్టాం. భోజనమూ ప్రార్థనా కూడా అందులోనే. ఒక మూల బిడ్డ ఏడిస్తే రెండో మూల బిడ్డ అందుకునేది. మొగుడూ పెళ్ళాల పోట్లాటలు ఆ వేసవికి పూర్తిగా మానేశాం. పొద్దున్నే అందరూ తీర్పు చెప్పేవాళ్ళు మరి.

వంటకి నన్ను పెద్దగా పెట్టారు. వంట ఏదో చెయ్యగలను గానీ నీళ్ళేవీ? ఉన్న పాత బోరు నీళ్ళు చేదు. గొడ్లు కూడా మూతి పెట్టి తల తిప్పుకునేవి. వేసవిలో మూడు చోట్ల కొత్తగా బోరు వేశారు. మూడింట్లోనూ అదే చేదు. ఆ నీళ్ళలో సబ్బు రుద్దితే పాలు విరిగినట్టు తెల్లటి తొరక కట్టేది గానీ నురగ వచ్చేది కాదు. తాగడానికీ వంటకీ పద్దెనిమిది మైళ్ళ అవతల ఊళ్ళోంచి ట్యాంకరులో నీళ్ళు తెచ్చుకునేవాళ్ళం.

"బావుల లోయట, బావుల లోయ!" అనేది దొరోతియా, బట్టలు పిండుతూ. నాతో పాటు వంటలో ఉండేది. ఆ నోటికి అడ్డూ ఆపూ లేదు. "బాస్‌గారిని పిలవండే, ఏ లోయలో ఏ బావో చూపించి పొమ్మనండి."

జాషువా వెట్టర్ ఆ మాటలు విని కూడా విననట్టు పోయేవాడు. యాభై ఏళ్ళ మనిషి, మూడు నెలల్లో అరవై ఏళ్ళవాడిలా అయ్యాడు.

ఇలియాస్ వెట్టర్‌కి కూడా ఒంట్లో బాగుండటం లేదు. మాకు ఆదివారం బోధ అంటే బోధకుడు సొంతంగా చెప్పేది కాదు. మూడు వందల ఏళ్ళ కిందట మా పెద్దలు రాసిన ప్రసంగాలు చేతిరాతతో ఒకరి తర్వాత ఒకరు దించుకుంటూ వచ్చారు. వాటినే చదవాలి. ఆగస్టులో ఒక ఆదివారం ఆయన ఒకే పేజీ రెండుసార్లు చదివాడు. మూడోసారి మొదలుపెట్టినప్పుడు రాహేల్ బాసెల్ దగ్గింది. ఆయన తలెత్తి చూసి, "కళ్ళు గాడి తప్పుతున్నాయి, క్షమించండి" అన్నాడు. ఆ సాయంత్రమే చుట్టుపక్కల కాలనీల బోధకులకి కబురు పంపమని తనే చెప్పాడు. రెండో బోధకుణ్ణి ఎంచుకోవాలి.

సెప్టెంబరులో వాళ్ళు వచ్చారు. బాప్తిస్మం పొందిన మగవాళ్ళు ఒక్కొక్కరే లోపలికెళ్ళి ఒక పేరు చెప్పాలి. ఐదు ఓట్లు వచ్చిన ప్రతివాడి పేరూ టోపీలోకి వెళ్తుంది. అక్కడినుంచి చీటీ. ఆడవాళ్ళకి ఓటు లేదు. మేం బయట పందిరి కింద బాతులకి ఈకలు పీకుతూ కూర్చున్నాం.

"ఎవరంటావ్?" అంది దొరోతియా.

"జర్మన్ బడి చెప్పే సామ్యూల్ ఉన్నాడుగా" అన్నాను. "ప్రసంగాలు సగం నోటికే వచ్చు. లేకపోతే జాషువా వెట్టర్."

షెడ్డు తలుపు తెరుచుకుంది. మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని లేచి నిలబడ్డాను. చేతిలో బాతు జారిపోయింది.

"జస్టీనా," అన్నాడు జాషువా వెట్టర్ నా దగ్గరికొచ్చి, "ఆండ్రియాస్‌కి సరిగ్గా ఐదే వచ్చాయి. నాకూ సామ్యూల్‌కీ చాలా ఎక్కువ. కానీ చీటీ అతనిదే వచ్చింది."

దొరోతియా ఈకల చేతులతోనే నోరు మూసుకుంది. తర్వాత ఆపుకోలేక, "అయ్యో తల్లీ! ఇంక ట్రాక్టర్లన్నిటికీ బాప్తిస్మమే" అంది.

నేను నవ్వలేదు. ఆండ్రియాస్ ఎక్కడా కనపడలేదు. వెతగ్గా వెతగ్గా పంట కోసే కంబైన్ మిషను కింద రెండు బూట్లు కనిపించాయి. వంగి చూశాను. వెల్లకిలా పడుకుని పైన ఇనుముని చూస్తున్నాడు. చేతిలో పనిముట్టేమీ లేదు.

"బయటికి రా."

"రాను."

"ఎంతసేపుంటావు?"

"జస్టీనా, నాకు మొత్తం మూడు వచనాలొచ్చు. అందులో ఒకటి తప్పు. నవ్వకు. ఎవడా ఐదుగురు? ఎవడెవడు నా పేరు చెప్పాడో తెలిస్తే..."

"తెలిస్తే ఏం చేస్తావు? కొడతావా? బోధకుడివి."

ఆ మాటకి అతను ఏడవడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన పదేళ్ళలో అతను ఏడవగా చూడటం అదే మొదలు. నేను గడ్డిలో కూర్చుని అతని బూటు పట్టుకున్నాను. నాకు అందింది అదే.

*

బోధకుడి భోజనం వేరు. అందరితో పాటు బల్ల దగ్గర కూర్చోకూడదు. మా ఆయనకి తిండి అంటే గోల. ఎదుటివాడి కంచంలోంచి ముక్క లాక్కోవాలి, కబుర్లు చెప్పాలి, అవతలివాడు సూపు మింగుతుండగా నవ్వించాలి. ఇప్పుడు కంబళి తెర అవతల ఇలియాస్ వెట్టర్‌కి ఎదురుగా కూర్చుని నూడిల్స్ సూపు చప్పుడు కాకుండా తాగడం నేర్చుకోవాల్సి వచ్చింది. తెర ఇవతల నవ్వులు వినిపించినప్పుడల్లా తల అటు తిరిగేది.

"అలవాటవుతుంది" అనేవాడు ఇలియాస్ వెట్టర్.

"ఎన్నాళ్ళకి, వెట్టర్?"

"నాకింకా కాలేదనుకో. కానీ అవుతుందనే చెప్పాలిగా నీకు."

ఈ మాట ఆండ్రియాస్ నాకు చెప్పి, చాలా రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

ప్రసంగాలు దించుకునే పని కూడా మొదలైంది. పాత జర్మన్ అక్షరాలు, వందల ప్రసంగాలు. ఇతని రాత కోడి గీకినట్టుంటుంది. ఒక వారం చూసి, నావల్ల కాక కలం లాక్కున్నాను. బడిలో నా రాతకి బహుమతి వచ్చింది. అతను చదువుతుంటే నేను రాసేదాన్ని. ఇది సామ్యూల్‌కి తెలిసి మొహం చిట్లించాడు.

"ఆడమనిషి రాసిన ప్రసంగమా, వెట్టర్?"

"అక్షరాలు ఎవరివైతేనేం సామ్యూల్, మాటలు మన పెద్దలవి. నీకంత బాధగా ఉంటే నువ్వు వచ్చి రాసిపెట్టు" అన్నాడు ఇలియాస్ వెట్టర్. సామ్యూల్ రాలేదు.

అక్టోబరు మొదట్లో నీళ్ళ ట్యాంకరు ఇరుసు విరిగింది. ఆండ్రియాస్ రెండు రోజులు కష్టపడితే గానీ కదల్లేదు. ఆ రెండు రోజులూ బోరు నీళ్ళే కాచి వాడుకున్నాం. పెద్దవాళ్ళకి కడుపులు కాస్త అటూ ఇటూ అయ్యాయి. కానీ జాషువా వెట్టర్ కోడలు కతరీనాకి ఎనిమిది నెలల పిల్ల ఉంది, మాగ్దలీనా. ఆ నీళ్ళతోనే పాలు కలిపి పట్టింది. మూడో రోజు పిల్ల పెదాలు నీలంగా మారాయి.

పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ నీళ్ళలో ఉప్పే కాదు, పసిపిల్లల రక్తాన్ని పాడుచేసేదేదో ఉందనీ, కాచినా పోదనీ, ఒక రోజు ఆలస్యమైతే దక్కేది కాదనీ డాక్టరు చెప్పాడు. నాలుగు రోజులకి పిల్ల తేరుకుంది. కతరీనా మటుకు తిరిగొచ్చాక మామగారి మొహం చూడలేదు, మాట్లాడలేదు. పిల్లని ఎత్తుకుని మూలకి తిరిగి కూర్చునేది.

ఆ ఆదివారం ఉదయం ప్రార్థన అయ్యాక, చివరి పాట పాడక ముందు, జాషువా వెట్టర్ లేచి నిలబడ్డాడు.

"నేనొకటి చెప్పాలి" అన్నాడు. "ఈ పొలం చూడ్డానికి వచ్చిన రోజు ఆ యజమాని నాకు కూజాలో నీళ్ళిచ్చాడు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఊళ్ళోంచి తెచ్చినవని ఇప్పుడు తెలుస్తోంది. కానీ బయట బోరు దగ్గర తొట్టి ఉంది. తొట్టి అంచున తెల్లటి పెచ్చు కట్టి ఉంది. అది నేను చూశాను. చూసి, ఆ బోరు నీళ్ళు ఇప్పించమని అడగలేదు. మర్నాడు ఇంకెవరో కొనడానికి వస్తున్నారన్నాడు. మంచి పొలం పట్టుకొచ్చాడు జాషువా అని మీరంతా అనాలని నాకుంది. అందుకని అడగలేదు. తెలిసి చేసిన తప్పు. పిల్లకి జరిగింది నావల్లే."

అన్ని గొంతులూ ఒక్కసారి లేచాయి. అన్నీ ఎత్తేసి లిండెంటాల్ పోదామని ఒకరు. ఏ మొహం పెట్టుకుని పోతామని ఇంకొకరు. సామ్యూల్ లేచాడు.

"డెబ్బై మూడు ప్రాణాలు ఇతని మాట నమ్మి వచ్చాయి. ఇలాంటి మనిషి చేతుల్లో ఇంక పెత్తనం ఉండకూడదు. బాస్‌గా తీసెయ్యాలి. శిక్ష కూడా వెయ్యాలి."

ఇలియాస్ వెట్టర్, నువ్వేమంటావని, ఆండ్రియాస్ వైపు తిరిగాడు. చీటీ పడ్డాక సంఘంలో అతన్ని మాట్లాడమని అడగడం అదే మొదటిసారి. అతనికి చదవడానికి చేతిలో రాసిన కాగితం కూడా లేదు.

ఆండ్రియాస్ లేచాడు.

"ఆ రోజు నేనూ ఉన్నాను" అన్నాడు. "ఆ పెచ్చు నేనూ చూశాను. తొట్టి పక్కనే కంబైన్ ఉంది. కొత్తగా ఉంది. దాని లోపలంతా చూస్తూ తొట్టి మీద చెయ్యి ఆనించాను. చేతికి తెల్లగా అంటుకుంది. ప్యాంటుకి తుడుచుకున్నాను. తిరిగొచ్చే దారి పొడుగునా ఆ కంబైన్ గురించే మాట్లాడాను. కొనమని జాషువా వెట్టర్ చెవిలో పోరు పెట్టింది నేనే. ఆయన ఇవాళ లేచి చెప్పాడు. ఆయన చెప్పకపోతే నేను చెప్పి ఉండేవాణ్ణా? తెలీదు. ఆయన్ని ఏం చేస్తారో నన్నూ అదే చెయ్యండి."

కూర్చుండిపోయాడు. నాకీ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ ప్యాంటు ఉతికింది నేనే. తెల్లటి మరక ఏమిటని అడిగితే పిండి అన్నాడు.

ఇలియాస్ వెట్టర్ అన్నాడు: "చీటీ పడినవాడివి, అబ్బాయ్. నువ్వు శిక్షలో కూర్చుంటే వచ్చే వారం ప్రసంగం ఎవరు చదువుతారు?"

"మీరు, వెట్టర్."

"నా కళ్ళో?"

"జస్టీనా పెద్ద అక్షరాలతో రాస్తుంది."

నన్ను అడగను కూడా లేదు.

మగవాళ్ళు ఓటు వేశారు. ఇద్దరికీ రెండు వారాలు శిక్ష. ప్రార్థనలో తలుపు దగ్గర చిన్న బల్ల మీద, అందరికీ వెనక. భోజనం అక్కడే. ఎవరూ చెయ్యి కలపకూడదు. బాస్ సంగతి శిక్ష అయ్యాక చూద్దామన్నారు.

*

ఆ రెండు వారాలూ నేను ప్రసంగాలు బొటనవేలంత అక్షరాలతో రాశాను. మామూలుగా ఆరు పేజీలయ్యేది నలభై పేజీలైంది. ఇలియాస్ వెట్టర్ వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క ముక్క తప్పకుండా చదివాడు. పేజీ తిప్పడానికే సగం సమయం పట్టింది. అందరూ ఓపిగ్గా కూర్చున్నారు.

తలుపు దగ్గర బల్లకి వడ్డన నాదే. మూడో రోజు దొరోతియా నా గరిటె వైపు చూసింది.

"శిక్షలో ఉన్నవాళ్ళకి బాతు కాలు వేశావేమే?"

"చిన్నదే వేశాను."

"మా జాషువా వెట్టర్‌కి కూడా వెయ్యి మరి. మొగుడికొక్కడికేనా?" అని తనే ఇంకో కాలు తీసి కంచంలో పెట్టింది. అన్నాళ్ళూ ఆయన్ని ఆడిపోసుకున్నది తనే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బంగాళాదుంపలు చెక్కుతుంటే రాహేల్ బాసెల్ అంది: "బోర్లు, బోర్లు అని పాతాళం దాకా పొడుస్తున్నారు. నా చిన్నప్పుడు డకోటాలో మాకు బావి ఎక్కడుంది? పల్లంలో కుంట తవ్వేవాళ్ళు. చలికాలమంతా మంచు అందులో పడేట్టు గడ్డి అడ్డం పెట్టేవాళ్ళు. కరిగిన నీళ్ళు ఏడాదంతా తాగేవాళ్ళం. మంచు నీళ్ళలో చేదెక్కడినుంచి వస్తుంది?"

"ఈ మాట మే నెలలో చెప్పలేదేం, బాసెల్?"

"నన్నెవరడిగారు? ఆడదానికి బోర్ల గురించి ఏం తెలుసని."

కంచం పెడుతూ ఈ సంగతి ఆండ్రియాస్ చెవిన వేశాను. అతని కళ్ళు మెరిశాయి. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇప్పుడు నాకు సభలో నోరు లేదు. సామ్యూల్‌కి చెప్పు."

"సామ్యూల్‌కా!"

"అతను చెప్తే అందరూ వింటారు. మనక్కావలసింది నీళ్ళు, జస్టీనా."

నేను వెళ్ళి చెప్పాను. సామ్యూల్ ముందు అనుమానంగా విన్నాడు. ఇది ఎవరు పంపిన మాటో గ్రహించడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. కాసేపు గడ్డం నిమురుకుని, మట్టి తోసే మిషను అద్దెకి అడగడానికి పక్క పొలం ఐవర్ అనే ముసలాయన దగ్గరికి స్వయంగా వెళ్ళాడు. ఆ ఐవర్ పకపకా నవ్వాడట. "ఈ చుట్టుపక్కల అందరం కుంట నీళ్ళే తాగుతాం. మీవాళ్ళు బోర్ల మీద బోర్లు వేస్తుంటే, ఏదో తెలిసిన జనమేమో అనుకున్నాను. వచ్చి అడిగితే నోటి ముత్యాలు రాలతాయా?" అన్నాడట. ఈ మాటలు ఉన్నవున్నట్టు సభలో చెప్పాడు సామ్యూల్. ఇది రాహేల్ బాసెల్ ఆలోచన అని కూడా చెప్పాడు. అంతటితో ఆగలేదు. "నా దాకా పంపింది ఆండ్రియాస్" అన్నాడు తలుపు వైపు చూడకుండా.

శిక్ష ముగిసిన ఆదివారం ఇలియాస్ వెట్టర్ ఇద్దరికీ చెయ్యి ఇచ్చి లేపి, ముందుకి తెచ్చాడు. ఒక్కొక్కరే వచ్చి చేతులు కలిపారు. బాస్ సంగతి ఓటుకి పెడితే, తీసెయ్యాలని మూడు చేతులే లేచాయి. అందులో సామ్యూల్ చెయ్యి లేదు. ఆడవాళ్ళ వైపునుంచి కతరీనా పిల్లని ఎత్తుకుని వచ్చింది. మామగారికి ఏమీ చెప్పలేదు. పిల్లని ఆయన చేతుల్లో పెట్టి వెళ్ళి కూర్చుంది. ఆయన ఆ పిల్లని పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక, పాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

నేల గడ్డ కట్టకముందే తవ్వాలి. మూడు వారాల్లో కుంట తవ్వారు, పన్నెండు అడుగుల లోతు. ప్రసంగాలు దించుకోవలసిన ఆండ్రియాస్ ఆ మిషను దిగితే ఒట్టు. ఇలియాస్ వెట్టర్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చుట్టూ గడ్డిమోపులు వరసలుగా పేర్చారు. నవంబరునుంచి గాలి మంచుని తెచ్చి ఆ మోపుల వెనక పోసింది. అన్నాళ్ళూ ఆ గాలిని తిట్టుకున్నాం. ఆ చలికాలం మటుకు తలుపు సందులోంచి చూసి, ఇంకా వీచు, ఇంకా వీచు అనుకునేవాళ్ళం.

ఏప్రిల్లో కరిగింది. ఇసుకలో వడగట్టి, కాచి, ముందు పట్నం పంపి పరీక్ష చేయించారు. ఈసారి జాషువా వెట్టర్ రెండుసార్లు చేయించాడు. మంచివని కాగితం వచ్చిన రోజు బట్టలుతికే గదిలో దొరోతియా సబ్బు రుద్దింది. నురగ మోచేతుల దాకా వచ్చింది. ఆవిడ కేక పెట్టింది. ఏమైందోనని పరిగెత్తి వచ్చిన మగవాళ్ళకి, నురగలో చేతులు ముంచుకుని ఏడుస్తూ నవ్వుతున్న పద్దెనిమిది మంది ఆడవాళ్ళు కనిపించారు.

ఇలియాస్ వెట్టర్ ఆ నీళ్ళు రెండు నెలలే తాగాడు. జూన్‌లో ఒక రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక, ఆండ్రియాస్ ప్రసంగం చదివి వినిపిస్తుంటే కుర్చీలోనే పోయాడు. నిద్రపోయాడనుకుని ఇతను పేజీ చివరిదాకా చదివాడట. లిండెంటాల్‌నుంచి మూడు లారీల జనం వచ్చారు. జకారియాస్ అంత్యక్రియలు జరిపించాడు. మరుసటి ఏడాది ఆండ్రియాస్‌ని తల మీద చేతులుంచి పూర్తి బోధకుణ్ణి చేశారు. ఇరవై ఆరేళ్ళు చేశాడు. మంచి బోధకుడని నేననకూడదు. చదివేటప్పుడు వేగం ఎక్కువ, పిల్లలు కునుకు తీస్తే ఏమీ అనేవాడు కాదు. తప్పు చేసినవాళ్ళు ముందుగా అతని దగ్గరికే వచ్చేవాళ్ళని మటుకు చెప్పగలను. జాషువా వెట్టర్ చనిపోయేదాకా బాస్‌గానే ఉన్నాడు.

ఇలియాస్ వెట్టర్‌ని సమాధి చేసి వచ్చిన ఆ రోజు అందరికీ రొట్టే కాఫీ ఇచ్చాం. జకారియాస్ రాహేల్ బాసెల్ పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "మాతో వచ్చెయ్యండి, బాసెల్. మీ గది అలాగే ఉంచాం. మీ కూతుళ్ళంతా అక్కడే ఉన్నారు. ఈ గాలిలో ఒక్కరూ ఏముంటారు?"

ఆవిడ రొట్టె కాఫీలో ముంచుకుని నిదానంగా తింది.

"ఆయన్ని ఇక్కడ పెట్టి నేనక్కడికొచ్చి ఏం చెయ్యను? కుంట గట్టున నేల మెత్తగా ఉంది. నా తోటలో పుల్లటి కాడల రూబార్బ్ దుంపలుంటాయి చూడు, అవి నాలుగు తవ్వి వచ్చే లారీలో పంపించు. వేళ్ళు తెగకుండా తవ్వమను. నీ వాళ్ళకి పార పట్టడం చేతకాదు."

జకారియాస్ సరేనన్నాడు. ఆరు పంపించాడు. రెండు ఎండిపోయాయి, నాలుగు బతికాయి.